గోధుమల డబ్బుతో పుస్తకాలు

పి.ఎల్. 480 పేరు చెబితే మన పెద్దవాళ్లకు రేషన్ దుకాణంలో తూచి ఇచ్చిన అమెరికా గోధుమలు గుర్తొస్తాయి. షికాగో వంటి అమెరికన్ విశ్వవిద్యాలయాల్లో తెలుగు పుస్తకాలు బారులు తీరడం వెనక ఉన్నవీ ఆ గోధుమలే.

షికాగో విశ్వవిద్యాలయానికి పుస్తకాల ఆకలి పుట్టుకతోనే ఉంది. తరగతులు మొదలైంది 1892లో. అంతకు ఏడాది ముందే తొలి అధ్యక్షుడు విలియం రైనీ హార్పర్ బెర్లిన్‌లోని ఒక పుస్తక వ్యాపారి నిల్వను ఒకే బేరంలో కొనేశారు. అయితే మన ప్రాంతీయ భాషల మీద అమెరికాకు ఆసక్తి పెరిగింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే. 1957లో రష్యా స్పుత్నిక్‌ను ప్రయోగించాక కంగారుపడిన అమెరికా, మరుసటి ఏడాది చేసిన చట్టంతో విదేశీ భాషల చదువుకు నిధులిచ్చింది. చదువుకు డబ్బు వచ్చింది సరే, పుస్తకాలెక్కడివి?

దారి చూపింది మరో చట్టం. 1954లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకం చేసిన పబ్లిక్ లా 480 ప్రకారం, అమెరికా మిగులు ధాన్యానికి మన దేశం రూపాయల్లోనే ధర చెల్లించవచ్చు. ఆ రూపాయలను డాలర్లుగా మార్చి పట్టుకుపోయే వీలు లేదు కాబట్టి అవి ఇక్కడే పోగుపడ్డాయి. వాటిలో కొంత వెచ్చించి పుస్తకాలు కొనవచ్చంటూ 1958లో అమెరికా కాంగ్రెస్ సభ్యుడు జాన్ డింగెల్ సవరణ తెచ్చారు. ఆ పనికి 1962లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీలో కార్యాలయం తెరిచింది.

అక్కడి సిబ్బంది వివిధ భారతీయ భాషల్లో వెలువడే పుస్తకాలను, పత్రికలను, ప్రభుత్వ నివేదికలను ఒక్కోటి అనేక ప్రతులు కొని, పథకంలో చేరిన విశ్వవిద్యాలయాలకు పంపేవారు. కొన్నవాటి జాబితాను అచ్చు వేసేవారు. తెలుగు పేర్లను రోమన్ లిపిలో, అక్షరాల మీదా కిందా గుర్తులు పెట్టి కార్డులకు ఎక్కించేవారు. విడివిడిగా ఎంచి తెప్పించుకునే పద్ధతి కాదు గనుక, చదివేవాళ్లున్నా లేకున్నా పార్శిళ్లు వస్తూనే ఉండేవి.

చదివేవాళ్లు మెల్లగా వచ్చారు. 1971లో వెల్చేరు నారాయణరావు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో తెలుగు బోధించడానికి చేరారు. పుస్తకాలకు చోటూ కావాలి కదా, షికాగోలో 1970లో రెగెన్‌స్టైన్ లైబ్రరీ లేచింది. అదీ చాలక 2011లో పక్కనే మాన్సుయేటో లైబ్రరీ కట్టారు. పైన గాజు గుమ్మటం, కింద భూగర్భంలో 35 లక్షల సంపుటాలు పట్టే చోటు. అడిగిన పుస్తకాన్ని యాంత్రిక క్రేన్లు నిమిషాల్లో పైకి తెస్తాయి.

ఆ గుమ్మటం లేవడానికి చాలా ముందే గోధుమల ఖాతా తరిగిపోయింది. పోగుపడ్డ రూపాయల్లో అధికభాగాన్ని అమెరికా వదులుకుంది. 1974లో రాయబారి డేనియల్ మొయినిహాన్ మన ప్రభుత్వానికి 1,664 కోట్ల రూపాయల చెక్కు అందజేశారు. పుస్తకాల పథకం ఆగలేదు కానీ, తర్వాత్తర్వాత గ్రంథాలయాలు తమ జేబులోంచే చెల్లించుకోవాల్సి వచ్చింది.

రాకపోకలు ఇప్పుడు రెండు వైపులా ఉన్నాయి. షికాగో నడిపే డిజిటల్ సౌత్ ఏషియా లైబ్రరీలో సి.పి. బ్రౌన్ తెలుగు నిఘంటువును మన ఊళ్లోనే కూర్చుని ఉచితంగా వెతుక్కోవచ్చు. ఇక ఆనాడు పార్శిళ్లలో చేరిన పుస్తకాల సంగతి. సొంత డబ్బుతో కొనేవాడు ఏది నిలుస్తుందో ఆలోచించి కొంటాడు. గోధుమల డబ్బుకు ఆ బెంగ లేదు. అందుకే కావ్యాల పక్కనే చౌక నవలలు, మంత్రిత్వ శాఖల నివేదికలూ చేరాయి. ఆనాటి జనం నిజంగా ఏం చదివారో తేల్చాలనుకునే పరిశోధకుడికి కావ్యాల కన్నా అవే ఎక్కువ పనికొస్తాయి.