వార్డెన్ సంతకం

తల్లిగానీ తండ్రిగానీ సంతకం పెట్టాల్సిన గడి అది. అందులో హాస్టల్ వార్డెన్ సంతకం ఉంది. దాని కింద కాగితంలోనూ అదే సంతకం, ఆ కింద దాంట్లోనూ అదే. నలభయ్యో కాగితానికొచ్చేసరికి పేరులో అక్షరాలు అరిగిపోయి గీత ఒక్కటే మిగిలింది.

వరండాలో బల్ల మీద ఐస్ డబ్బా. నర్సమ్మ దూది తడుపుతోంది.

"ఏం సూది మేడం ఇది?"

"కేన్సర్ రాకుండా వేసేది. పట్నంలో వేలు పోసి వేయించుకుంటున్నారు, మీకు ఊరికే వేస్తున్నారు. జబ్బ చూపించు."

"మా అమ్మకు చెప్పాలి గదా మేడం?"

"సెలవులకు పోయినప్పుడు చెప్పుకో."

ఈ పిల్లకు నేను పేరు పెట్టలేదు. ఈమె ఒక్కతి కాదు, మాటలు కూడా నేను అల్లినవే. కాగితాలు మాత్రం అల్లినవి కావు. పిల్ల ఇల్లు తల్లాడ దాటాక ఏన్కూరు వైపు ఓ గూడెంలో ఉందనుకుందాం. చదువు భద్రాచలంలో, హాస్టల్లో. తల్లి అక్కడికి రావాలంటే తల్లాడ సెంటర్లో బస్సెక్కి, కొత్తగూడెంలో మారి, గోదావరి దాటాలి. పైగా ఓ రోజు కూలి పోతుంది. అంతకంటే వార్డెన్ సంతకం తేలిక.

2009 జులైలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో ఈ టీకా కార్యక్రమం మొదలైంది. నడిపింది పాత్ అనే అమెరికా సంస్థ. తోడుగా భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం. టీకా పేరు గార్డసిల్. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు 14 వేల మంది దాకా, మనిషికి మూడు డోసులు. తల్లాడ ఆ జాబితాలో లేదు. కానీ హాస్టల్ పిల్లల విషయంలో మండలాల గీతలకు అర్థమేముంది? ఎక్కడెక్కడి పిల్లలో ఒకే కప్పు కింద, ఒకే గంటకు లేచి వరసలో నిలబడతారు. సూది వేసేవాళ్లకు ఇంతకంటే సుఖం ఉండదు.

సూది ఎందుకో కూడా చెప్పుకోవాలి. హ్యూమన్ పాపిలోమా వైరస్‌ను అడ్డుకోవడానికి. ఈ వైరస్ చాలామందికి సోకుతుంది, చాలామందిలో దానంతటదే పోతుంది. పోనిచోట, ముఖ్యంగా 16, 18 రకాలు, కణం లోపల కాపలాను పడగొడతాయి. ఈ6 అనే వైరస్ ప్రొటీన్ కణంలోని పీ53ని నాశనం చేస్తుంది, ఈ7 వెళ్లి ఆర్‌బీ ప్రొటీన్ చేతులు కట్టేస్తుంది. అవి రెండూ కణం ఇష్టమొచ్చినట్టు పెరగకుండా ఆపే పహరా. పహరా పోయాక గర్భాశయ ముఖద్వారంలో ఏళ్ల తరబడి మార్పులు పేరుకుని కేన్సర్ అవుతుంది. ఈ సంగతి బయటపెట్టిన జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ వచ్చింది. ఇదే వైరస్ కొండనాలుకకు అటూ ఇటూ ఉండే టాన్సిల్స్ గుంటల్లోనూ దాక్కుంటుంది. పాశ్చాత్య దేశాల్లో టాన్సిల్ కేన్సర్లు పెరగడానికి అదే కారణం. మన దగ్గర నోటి, గొంతు కేన్సర్లలో పెద్ద నేరస్థులు ఇప్పటికీ పొగాకు, గుట్కాలే. మొత్తానికి మందు మంచిదే. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత మాత్రం ఖమ్మంలో వేరే రకంగా నిజమైంది.

2010 మార్చిలో ఢిల్లీ నుంచి సమ అనే మహిళా ఆరోగ్య బృందం భద్రాచలం వచ్చింది. హాస్టల్ పిల్లలతో, తల్లిదండ్రులతో మాట్లాడింది. ఏం సూదో ఇళ్లలో తెలియదు. పిల్లల చేతిలో ఉన్న కార్డు ఇంగ్లీషులో ఉంది. సూది వేయించుకున్నవాళ్లలో కొందరు చనిపోయారన్న వార్త అప్పటికే పాకుతోంది. ఏప్రిల్‌లో కేంద్రం కార్యక్రమాన్ని ఆపేసింది.

ఖమ్మంలోనూ, ఇదే కార్యక్రమం నడిచిన గుజరాత్ వడోదరలోనూ కలిపి చనిపోయిన పిల్లలు ఏడుగురు. ఒకరు క్వారీ నీళ్లలో మునిగి, ఒకరు పాము కరిచి, ఇద్దరు పురుగుమందు తాగి, ఒకరు మలేరియా ముదిరి పోయారు. మిగతా ఇద్దరి విషయం అంత స్పష్టంగా తేలలేదు. టీకాకూ ఈ చావులకూ సంబంధం ఉందనడానికి ఆధారం లేదని కేంద్రం వేసిన విచారణ సంఘం తేల్చింది. నేనూ అదే నమ్ముతాను. అయితే ఆ జాబితా మరోసారి చదవండి. క్వారీ, పాము, పురుగుమందు, మలేరియా. ఏజెన్సీ పిల్ల ఎదుట నిత్యం ఉండే గండాలు ఇవి. వీటికి ఐస్ డబ్బాలో ఎవరూ ఏమీ తేలేదు.

2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో కాగితాల లెక్క బయటపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన అంగీకార పత్రాలు 9,543. వేలిముద్రలు 1,948. వార్డెన్లు సంతకం పెట్టినవి 2,763. వేలిముద్ర వేయడం తప్పు కాదు, మా నాయనమ్మా వేసేది. వేసేముందు కాగితం చదివి వినిపించారా అన్నదే అసలు ప్రశ్న. వార్డెన్లను తప్పుపట్టడానికీ నాకు మనసొప్పదు. తల్లిదండ్రుల బదులు మీరే పెట్టండని పైనుంచి అనుమతి వచ్చింది, పెట్టారు. సంఘం పాత్ తీరును పిల్లల హక్కుల ఉల్లంఘనగా తేల్చింది. పాత్ ఆ ఆరోపణలను ఒప్పుకోలేదు. వ్యవహారం సుప్రీంకోర్టుకెళ్తే, పార్లమెంటు సంఘం నివేదికను కోర్టులో చూడవచ్చా లేదా అన్న చర్చ రాజ్యాంగ ధర్మాసనం దాకా సాగింది. చూడవచ్చని 2018 మేలో తీర్పొచ్చింది.

ఈలోపు ఓ చిత్రం జరిగింది. ఖమ్మం గొడవతో దేశంలో అన్నిచోట్లా ఈ టీకా ప్రయోగాలు ఆగిపోయాయి. వేరేచోట్ల రెండు, మూడు డోసులను పోల్చి చూస్తున్న అంతర్జాతీయ అధ్యయనం కూడా మధ్యలోనే నిలిచింది. దానివల్ల దాదాపు 5 వేల మంది పిల్లలకు ఒక్క డోసే పడింది. పదేళ్లు వెంట ఉండి చూస్తే ఆ ఒక్క డోసే 16, 18 రకాల నుంచి గట్టిగా కాపాడుతోందని తేలింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు చాలనడానికి ఆసరా అయిన సాక్ష్యాల్లో అదీ ఉంది. అదే ఏడు పుణెలో మన సొంత టీకా సర్వావాక్ సిద్ధమైంది.

మన పిల్ల సంగతి మిగిలింది. 2010 సంక్రాంతి సెలవులు. తల్లాడ సెంటర్లో బస్సు దిగి, ఏన్కూరు వైపు ఆటో కోసం చూస్తోంది. పండగ రద్దీలో ఆటోకు గంట పట్టింది. ఇంటికెళ్లాక పెట్టె తీస్తుంటే కార్డు కింద పడింది. తల్లి దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఏందే ఇది?"

"సూది కార్డు. మూడు సార్లు రాసిండ్రు చూడు."

"దేనికంట?"

"కేన్సర్ రాదంట."

"ఏముంది ఇందుల?"

"ఇంగిలీషమ్మా. నాకూ రాదు."

తల్లి కార్డుని రేషన్ కార్డు పక్కన, పాలిథిన్ కవర్లో పెట్టి, చూరులో దోపింది.