బస్తా నుండి లాగిన్ దాకా

రెవెన్యూలోనూ రిజిస్ట్రేషన్లలోనూ పనిచేసిన మన సభ్యులకు కాగితం విలువ చెప్పనక్కరలేదు. అయితే ఆ కాగితం ఎవరి చేతిలో ఉండాలి, ఎవరు తీసి చూడవచ్చును అన్నదానికీ ఒక చరిత్ర ఉన్నది. మన కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ ప్రాంతాల్లో అది పట్వారీ ఇంట్లో మొదలవుతుంది.

పహాణీలు పట్వారీ దగ్గర బట్టలో కట్టిన బస్తాల్లో ఉండేవి. రైతుకు నకలు కావాలంటే ఆయన ఊళ్ళో ఉండాలి, మనసూ ఉండాలి. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆ వ్యవస్థను రద్దు చేసింది. 1985లో మండలాలు వచ్చాక రికార్డుకు మండల ఆఫీసే దిక్కయింది. ఏ ఫసలీ పహాణీ ఏ అరలో ఉందో తెలిసిన గుమాస్తాయే అక్కడ కొత్త పట్వారీ! ఆయన సెలవు పెడితే రైతు మర్నాడు రావలసిందే.

1998 నవంబరులో రిజిస్ట్రేషన్ శాఖలో ‘కార్డ్’ పథకం రాష్ట్రంలో రెండు వందలకు పైగా ఆఫీసుల్లో మొదలైంది. ఇండెక్సు పుస్తకాలు తిరగేస్తూ రోజుల తరబడి వెతికే ఈసీ నిమిషాల్లో చేతికొచ్చింది.

ఇంతకూ ఒకే రికార్డును పదిమంది తమ తమ బల్లల దగ్గర ఎట్లా చూస్తారు? ఫైళ్ళు సర్వరు అనే ఒక కంప్యూటరులో ఉంటాయి. ఆ సర్వరు పేరు, ఫోల్డరు పేరు రోజూ టైపు చేసి కలుపుకోవడం ఎవరికి గుర్తుంటుంది? అమెరికాలో నోవెల్ కంపెనీ 1983లో తెచ్చిన నెట్‌వేర్‌ దీనికి ఒక ఉపాయం చూపింది. మనిషి పేరు, పాస్‌వర్డు కొట్టగానే ముందే రాసిపెట్టిన నాలుగు ఆజ్ఞలు వాటంతటవే నడిచి, ఉమ్మడి ఫోల్డరు ‘ఎఫ్’ డ్రైవు వంటి ఒక అక్షరంతో సొంత మిషనులో ఉన్నట్టే కనిపించేది. యూనిక్స్ మిషన్లలో ఇంకో పద్ధతి ఉన్నది: ఫోల్డరును తాకినప్పుడే అది వచ్చి కలుస్తుంది. అడిగినప్పుడే బస్తా తెచ్చే అటెండరన్నమాట.

విండోస్ 2000 వచ్చాక ఇదంతా సెక్షన్లవారీగా ఏర్పాటు చేయడం సులువైంది. అకౌంట్సు గుమాస్తా ఏ మిషను ముందు కూర్చున్నా జీతాల బిల్లుల ఫోల్డరే తెరుచుకుంటుంది. ఎస్టాబ్లిష్‌మెంటు వారికి సర్వీసు వివరాలు. సెక్షను మారితే సర్వరులో ఒక్క మార్పు చాలు. మనం మూడు రోజులు కూర్చుని చార్జి లిస్టు రాసిన పని అది!

అనంతగిరి 2016లో కొత్త మండలమైంది. 2020 అక్టోబరులో ధరణి, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చాయి. అవి ఫోల్డర్లు కావు, కానీ అక్కడా లాగిన్ పేరును బట్టే తలుపులు తెరుచుకుంటాయి.

నన్ను కలవరపెట్టేది ఇదే. కొన్ని ఆఫీసుల్లో పాస్‌వర్డు క్యాలెండరు మీద రాసి ఉంటుంది. రికార్డు రూములో ఫైలు తీస్తే దాని స్థానంలో సంతకంతో చీటీ పెట్టేవాళ్ళం. కంప్యూటరూ పేరు, వేళ రాసి పెట్టగలదు. ఒకరి పాస్‌వర్డుతో మరొకరు కూర్చుంటే, ఆ చీటీ మీద సెలవులో ఉన్న మనిషి సంతకం పడుతుంది. తరువాత మెమో కూడా ఆయనకే వస్తుంది.