సఫర్ నుంచి సఫారీ దాకా

సఫర్ అనే లఫ్జ్ మన ఇళ్లలో రోజూ వినపడేదే. సఫర్‌లో ఉంటే నమాజ్ కస్ర్ చేస్తాం, బయల్దేరే ముందు సఫర్ దుఆ చదువుతాం. ఇదే అరబీ మాట సముద్రం దాటి తూర్పు ఆఫ్రికా తీరానికి పోయి, స్వాహిలీ భాషలో 'సఫారీ' అయింది. అక్కడ నేటికీ దాని అర్థం ప్రయాణమే. బస్సెక్కి పక్క ఊరికి పోయినా సఫారీయే. బందూక్‌ను వాళ్లు 'బుందుకీ' అంటారు, ఖబర్ 'హబరీ', కితాబ్ 'కితాబు'. నాలాగా ఉర్దూ మీడియంలో చదివినోళ్లు స్వాహిలీ డిక్షనరీ తెరిస్తే పేజీకో చుట్టం పలకరిస్తాడు.

ఇంత సాదాసీదా మాటకు, డాలర్లు కట్టి సింహాన్ని కాల్చి తల ఇంటికి పట్టుకెళ్లడం అనే అర్థం ఎట్లా వచ్చి పడింది? ఈ సవాల్ వెంట పోతే ఇంకో సవాల్ ఎదురవుతుంది. అడవిలో తిరిగే జంతువు ఎవరి మిల్కియత్? నన్ను ఎక్కువ ఆపేసింది రెండోదే.

ముందు మన హిసాబ్ చెప్పుకుందాం. 19వ సదీలో జాంజిబార్ నుంచి లోపలి ప్రాంతాలకు పోయిన సఫారీలు ఏనుగు దంతం కోసం, గులాముల కోసం పోయినవి. ఆ తిజారత్ నడిపినవాళ్లలో టిప్పు టిప్ అని మషూర్ అయిన హమద్ బిన్ ముహమ్మద్ లాంటి మన మజ్హబ్ వాళ్లు ఉన్నారు. దీన్ని దాచిపెట్టి తారీఖ్ రాయలేం. వందల మంది తలల మీద మూటలతో బారుగా నడిచే ఆ దస్తూర్‌నే తర్వాత వచ్చిన గోరా షికారీలు తీసుకున్నారు.

అమెరికా ప్రెసిడెంట్ థియోడర్ రూజ్‌వెల్ట్ 1909 మార్చిలో గద్దె దిగి, అదే నెలలో ఓడ ఎక్కాడు. కొడుకు కెర్మిట్ వెంట ఉన్నాడు. స్మిత్‌సోనియన్ మ్యూజియం కోసం నమూనాలు తెస్తానన్నాడు, కార్నెగీ లాంటి దౌలత్‌మంద్‌లు పైసలిచ్చారు. నైరోబీలో న్యూలాండ్ అండ్ టార్ల్‌టన్ అనే కంపెనీ కూలీలు, డేరాలు, తిండి అన్నీ ఇంతెజాం చేసింది. తండ్రీకొడుకులు కాల్చినవి 512 జంతువులు. వాటిలో 17 సింహాలు, 11 ఏనుగులు, 20 ఖడ్గమృగాలు. ఈ లెక్క రూజ్‌వెల్ట్ తన కితాబ్‌లో తానే రాసుకున్నాడు. ఆ కితాబ్ చదివి అమెరికా, యూరప్ అమీర్‌లు నైరోబీకి లైను కట్టారు. వాళ్లను అడవిలో తిప్పి, జంతువు ముందు నిలబెట్టి, గురి తప్పితే వెనక నుంచి తానే కాల్చే మనిషికి 'వైట్ హంటర్' అని పేరొచ్చింది. 1928లో ఇంగ్లండ్ యువరాజును తిప్పిన డెనిస్ ఫించ్ హాటన్ ఆ కోవవాడే.

ఈ డేరాల్లో మనవాళ్లూ ఉండేవాళ్లు. బందూక్ మోసేవాళ్లు, తోలు తీసేవాళ్లు, బావర్చీలు, వీళ్లలో చాలామంది తీరప్రాంతపు ముసల్మాన్‌లు. హెమింగ్వే 1933లో షికార్‌కు పోయి రాసిన కితాబ్‌లో కూడా ఈ సంగతి వస్తుంది. జంతువు కూలగానే ప్రాణం పోకముందే ముసల్మాన్ నౌకరు కత్తి పట్టుకుని పరిగెత్తేవాడు, జిబహ్ చేయడానికి. లేకపోతే అది ముర్దార్ అయిపోయి ఆ పూట మాంసం లేనట్టే. కాల్చినవాడికి కొమ్ములు కావాలి, పరిగెత్తినవాడికి కూర కావాలి. తినడానికి షికార్ జాయిజ్, ఉత్త షౌక్ కోసం ప్రాణం తీయడం సరికాదు అని మనం చిన్నప్పట్నుంచి విన్నదే. ఆ రెండూ ఒకే జంతువు మీద వంగి ఉన్న దృశ్యం అది.

మన దగ్గర జరగలేదా అంటే జరిగింది. 1902లో లార్డ్ కర్జన్ నిజాం మెహమాన్‌గా వచ్చి వరంగల్ దగ్గర నెక్కొండ అడవుల్లో పులుల్ని కాల్చాడు. రాజా దీన్ దయాళ్ స్టూడియో తీసిన ఆ ఫోటోలు ఇప్పటికీ దొరుకుతాయి. 1972 కానూన్‌తో ఇండియాలో ఆ తమాషా బందయింది. ఆఫ్రికాలో కాలేదు.

ఇప్పుడు వాటా అనే కబీలా గురించి చెప్పాలి. తూర్పు కెన్యాలో త్సావో అనే చోట వీళ్లు తరతరాలుగా ఏనుగు షికారీలు. ఒక చెట్టు కట్టె, బెరడు ఉడికించి తీసిన విషాన్ని బాణం మొనకు పూసి, ఏనుగుకు చాలా దగ్గరగా పోయి కొట్టేవాళ్లు. మాంసం తినేవాళ్లు, దంతం తీరానికి అమ్ముకునేవాళ్లు. 1948లో ఇంగ్రేజ్ సర్కార్ వాళ్ల అడవిని త్సావో నేషనల్ పార్క్ అంది. లైసెన్స్ కొని రైఫిల్‌తో కాలిస్తే షికారీ, లైసెన్స్ లేకుండా విల్లు పడితే చోర్. 1956, 57 సంవత్సరాల్లో పార్క్ వార్డెన్‌లు డేవిడ్ షెల్‌డ్రిక్, బిల్ వుడ్లీ పెద్ద ఎత్తున దాడులు చేసి వాటా షికారీలను జైళ్లకు పంపారు. ఏనుగులు అంతకుముందు విపరీతంగా చస్తున్న మాట నిజం. దంతం కొంటున్న తాజిర్‌లు తీరంలో కూర్చున్న మాటా నిజం. జైలుకు పోయింది మాత్రం ఎక్కువగా విల్లు పట్టినవాడే.

తర్వాత ఆ అఫ్సర్లలోనే కొందరికి మనసొప్పలేదు. ఈ మనుషులకు షికార్ తప్ప ఇంకో రోజీ తెలియదు, వాళ్లనే చట్టబద్ధంగా షికార్ చేయనిద్దాం అని 1960లో పార్క్ పక్కన గలానా నది వెంట ఒక స్కీమ్ పెట్టారు. వాటాలు ఏనుగులను లెక్క ప్రకారం కొడతారు, దంతం, మాంసం అమ్మగా వచ్చింది వాళ్లకూ అందుతుంది. ఖయాల్ మంచిదే, నిలబడలేదు. 1960ల చివర్లో అదే గలానా భూమి, సుమారు 15 లక్షల ఎకరాలు, ప్రైవేటు రాంచ్ చేతికి లీజుకు పోయింది. పశువుల పెంపకంతో పాటు పైసలిచ్చే విదేశీ మెహమాన్‌లకు షికార్ కూడా అక్కడ నడిచింది. ఏ నేల మీద విల్లు పట్టినందుకు మనిషిని చోర్ అన్నారో, ఆ నేల మీదే రైఫిల్ పట్టినవాడు క్లయింట్ అయ్యాడు. మధ్యలో గడిచింది సుమారు పదేళ్లే.

1977 మే నెలలో కెన్యా షికార్ మొత్తం బంద్ చేసింది. వైట్ హంటర్‌లు డేరాలు మడిచి వేరే దేశాలు చూసుకున్నారు. దక్షిణాన వాళ్లకు తలుపులు తెరిచే ఉన్నాయి. నమీబియాలో 1967 నుంచీ, రొడీషియాలో 1975 నుంచీ జమీందార్‌కు తన భూమిలోని జంతువు మీద ఇఖ్తియార్ ఇస్తూ కానూన్‌లు వచ్చి ఉన్నాయి. దక్షిణాఫ్రికా 1991లో గేమ్ థెఫ్ట్ యాక్ట్ తెచ్చింది. అప్పటిదాకా అక్కడి రివాజ్ ప్రకారం అడవి జంతువు ఎవరిదీ కాదు, పట్టుకున్నవాడిది. మన ఫిఖ్‌లో ముబాహ్ అంటామే, అట్లాంటిదే. కొత్త కానూన్‌తో, సరైన కంచె వేసి సర్టిఫికెట్ తీసుకున్నవాడి జంతువు కంచె తెంపుకుని పోయినా వాడి మిల్కియతే.

కంచె వేయడానికి ముందు జమీన్ ఉండాలి కదా. 1913 నాటి నేటివ్స్ ల్యాండ్ యాక్ట్ దేశంలో నల్లవాళ్లకు వదిలింది సుమారు 7 శాతం భూమి. 1936లో దాన్ని పెంచితే 13 దాకా. ఆ జాలిం కానూన్‌ను రద్దు చేసిందీ 1991లోనే. భూమి కొనుక్కోవచ్చని నల్లవాడికి చెప్పిన ఏడాదే, భూమి ముందే ఉన్నవాడికి జంతువులు కూడా రాసిచ్చేశారు. ఇది కుట్ర అని నేననను. తారీఖులు మాత్రం పక్కపక్కనే ఉన్నాయి.

ఇక షికార్ ఒక వ్యవసాయం అయింది. ఇప్పుడు అక్కడ సుమారు 9,000 ప్రైవేటు వన్యప్రాణి ఫారాలు ఉన్నాయని అంచనా. మెహమాన్ రోజుకు ఇంత అని కిరాయి కడతాడు, కాల్చిన ప్రతి జంతువుకూ విడిగా ట్రోఫీ ఫీజు. గాయపడి తప్పించుకున్నా ఫీజు కట్టాల్సిందే, రక్తం చుక్క కనపడితే లెక్కలో పడినట్టే. లైసెన్స్ ఉన్న గైడ్ పక్కన ఉండాలి. వాళ్లిద్దరికంటే ముందు, మట్టిలో జాడ చదువుతూ ఒక నల్లమనిషి నడుస్తాడు. కొమ్ముల కొలత రికార్డ్ పుస్తకానికెక్కుతుంది, మెహమాన్ పేరుతో. 2012లో ఒక దున్న కోసం వేలంలో దాదాపు 2 కోట్ల రాండ్ల దాకా పాడి, తర్వాత జనానికి మాఫీ చెప్పుకున్నాడు సిరిల్ రామఫోసా. అప్పటికి ఆయన ఇంకా ప్రెసిడెంట్ కాలేదు.

దీనివల్ల జంతువులు పెరగలేదా? పెరిగాయి. కాదంటే ఇన్సాఫ్ కాదు. తెల్ల ఖడ్గమృగాలు ఒకప్పుడు జూలూలాండ్ మూలలో వందకు లోపు మిగిలాయి. 1960లలో ఇయాన్ ప్లేయర్ బృందం వాటిని పట్టి వేరే పార్కులకు, ఫారాలకు పంపింది. 1968 నుంచి కొన్నింటిని కాల్చే ఇజాజత్ అమ్మారు. విలువ తెలిసిన రైతులు వాటిని పెంచారు. 2010 నాటికి దక్షిణాఫ్రికాలో 18,000 దాటాయి. అదే మిల్కియత్ ఇంకో ముఖం కూడా చూపించింది. బోనులో పుట్టి, మనిషి చేతి తిండి తిన్న సింహాన్ని చిన్న ఆవరణలోకి వదిలి కాల్పించే దందా 1997లో ఒక బ్రిటిష్ టీవీ ప్రోగ్రాంతో బయటపడింది. దాన్ని ఆపేస్తామని సర్కార్ నోటితో చెప్పడానికి 2021 రావాల్సొచ్చింది.

జింబాబ్వేలో 1989 నుంచి కాంప్‌ఫైర్ స్కీమ్, నమీబియాలో 1996 నుంచి ఊరి కన్జర్వెన్సీలు షికార్ పైసలు, మాంసం గ్రామాలకు అందించే రాస్తా పట్టాయి. లండన్‌లో కూర్చుని ట్రోఫీలు రానివ్వొద్దు అంటే అక్కడి ఊరివాళ్లకు ఎందుకు కోపమొస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది. 2015 జూలైలో హ్వాంగే పార్క్ బయట ఒక అమెరికా డెంటిస్ట్ బాణంతో గాయపరిచి తర్వాత చంపించుకున్న సింహం గుర్తుందా, సెసిల్? దానికోసం దునియా అంతా ఏడ్చింది. గైడ్ మీద పెట్టిన కేసు మరుసటేడు కొట్టేశారు. మా ఊళ్లో సింహం చస్తే మేం ఏడవం అని ఒక జింబాబ్వే విద్యార్థి న్యూయార్క్ టైమ్స్‌లో రాశాడు. ఆ సింహానికి సెసిల్ అని పేరొచ్చింది సెసిల్ రోడ్స్ నుంచి. ఆ దేశం భూమి లాక్కున్న మనిషి.

ఇదంతా గోరా సాహెబ్‌ల ఖిస్సా అనుకుని ఆగిపోతే నాకు తృప్తిగా ఉండదు. టాంజానియాలో సెరెంగెటి పార్క్ పక్కన లోలియోండో ఉంది. సెరెంగెటి నుంచి 1959లో ఖాళీ చేయించిన మసాయిల్లో కొందరు వచ్చి పశువులు మేపుకుంటున్న చోటు. 1992లో సర్కార్ అక్కడ షికార్ హక్కును ఎమిరేట్స్ రాజకుటుంబంతో సంబంధమున్న ఓటెర్లో బిజినెస్ కార్పొరేషన్‌కు ఇచ్చింది. కంచె లేదు, కాగితం మీద అది ప్రైవేటు కాదు. 2009లో మసాయి ఇళ్లు తగలబడ్డాయి. 2022 జూన్‌లో 1,500 చదరపు కిలోమీటర్లకు హద్దురాళ్లు పాతడానికి పోలీసులు వచ్చారు. తూటాలకు మసాయిలు గాయపడ్డారు, బాణం తగిలి ఒక పోలీసు చనిపోయాడు, జనం సరిహద్దు దాటి కెన్యాకు పరిగెత్తారు. ఈ మెహమాన్‌లు మన కిబ్లా వైపే తిరిగి నమాజ్ చదివేవాళ్లు. మన ఉర్దూ పత్రికల్లో ఆ వారం ఈ వార్త కోసం వెతికాను, నా కంటికి ఒక్క కాలమ్ కూడా పడలేదు.

షేక్‌ల క్యాంప్ దగ్గరికి పోతే మొబైల్ ఫోన్‌కు 'యూఏఈకి స్వాగతం' అని మెసేజ్ వచ్చేదని అక్కడికి వెళ్లిన విలేకరులు రాశారు. దుబాయ్‌లో దిగిన రోజు మన కడప, నిజామాబాద్, కరీంనగర్ పిల్లల ఫోన్లకూ అట్లాంటి మెసేజే వస్తుంది. వాళ్లు వీసా తీసుకుని, అప్పు చేసి, విమానమెక్కి పోయారు. మసాయి పశువుల కాపరి ఎక్కడికీ పోలేదు.