ముక్కులో నూనె చుక్క

పసిబిడ్డకు నీళ్లు పోసే ముందు ఒళ్లంతా నూనె మర్దించి, ముక్కులోనూ రెండు చుక్కలు వేయడం దక్షిణాదిలో తరాలుగా వస్తున్న అలవాటు. ఏడుస్తున్న బిడ్డ ముక్కు మూసి ఆముదమో నెయ్యో పట్టించడమూ ఉంది. దీన్ని పల్లెటూరి అజ్ఞానంగా కొట్టిపారేసేవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు. 1925లో లాఫ్లెన్ అనే పాథాలజిస్టు నూనె చేరిన ఊపిరితిత్తులను వర్ణించినప్పుడు ఆ నూనె వంటింటిది కాదు, మందులషాపుది: ముక్కు చుక్కలుగానో విరేచనానికో వాడిన ఖనిజ తైలం. దక్షిణ భారతదేశపు పిల్లల్లో ఇదే జబ్బు మీద బాలకృష్ణన్ వ్యాసం బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది 1973లో. అంటే డాక్టరూ అమ్మమ్మా ఇద్దరూ ఒకే పొరపాటు చేశారు. అది అంతకాలం బయటపడకపోవడానికి కారణం కూడా ఒకటే. మెత్తని నూనె గొంతును గిల్లదు, దగ్గు పుట్టించదు. నీళ్లు పొలమారితే ఇల్లంతా తెలుస్తుంది గానీ, నూనె చప్పుడు చేయకుండా దిగిపోతుంది.

దిగాక జరిగేదే అసలు కథ. ఊపిరితిత్తికి కొవ్వు కొత్తేమీ కాదు. వాయుగోణులు ముడుచుకుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ పొరలో దాదాపు 90 శాతం కొవ్వు పదార్థమే. దాన్ని అక్కడి కణాలే తయారుచేసుకుంటాయి; పాతబడినదాన్ని కొంత అవే తిరిగి వాడుకుంటాయి, కొంత మాక్రోఫేజ్ కణాలు మింగి అరిగించుకుంటాయి. బయటి నూనె వచ్చి పడేది ఈ మాక్రోఫేజ్‌ల మీదే. ఖనిజ తైలాన్ని విడగొట్టే ఎంజైము మన ఒంట్లో లేదు. మింగిన కణం చస్తే నూనె మళ్లీ బయటపడుతుంది, ఇంకో కణం మింగుతుంది. ఏళ్ల తరబడి ఇలా సాగి ఊపిరితిత్తి మచ్చకట్టి గట్టిపడుతుంది. నెయ్యి, చేపనూనె వంటివి విడిపోతాయి, కానీ వాటినుంచి వచ్చే కొవ్వు ఆమ్లాలు వాపును మరింత రేపుతాయి. గింజల నూనెలు వీటికన్నా కొంత నయం, అంతే. స్వచ్ఛమైన ఇంటి నెయ్యి కదా అన్న ధీమాకు ఇక్కడ విలువ లేదు.

మా ఇంట్లో అందరికీ వేశారు, ఏమీ కాలేదు అంటారు. ఆ మాట అనగలిగేది బతికి బట్టకట్టినవాళ్లే. పసిపిల్లలు న్యుమోనియాతో విరివిగా పోయిన రోజుల్లో నూనెను అనుమానించినవాళ్లెవరు? ఆయుర్వేదంలో నస్యం, అంటే ముక్కులో మందు వేయడం, లేదా అన్నది రెండో ప్రశ్న, బలమైనదే. అష్టాంగహృదయం ఏడేళ్లలోపు వాళ్లకు నస్యం వద్దంటుంది. ప్రతిమర్శ అనే స్వల్పమాత్రను మాత్రం పుట్టినప్పటినుంచీ ఒప్పుకుంటుంది. ఆ ఒప్పుకోలు బిందువుల లెక్కకు లోబడినది. ఏడ్చే బిడ్డకు, ఊపిరి ఎగబీల్చే క్షణాన, చేతికొచ్చినంత పోయడానికి దాన్ని సాక్ష్యంగా తేలేం. మర్దన మానక్కర్లేదు. నూనె ఒంటికి రాయండి. ముక్కులో వేయకండి, ఏడుస్తున్న నోట్లో పోయకండి.