జర్మనీకి చదువుకోవడానికి వెళ్తున్నారా? తొలి 2 వారాల్లో ఈ పని మరవొద్దు

జర్మనీలో సీటు, వీసా వచ్చేదాకా పడే తిప్పలు విద్యార్థులకు తెలిసినవే. ఏడాది ఖర్చుకు బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు చూపిస్తారు. అక్కడికి వెళ్లాక ఆ డబ్బు నెలకు 992 యూరోల చొప్పున చేతికొస్తుంది. అయితే దిగిన తర్వాత చేయాల్సిన పనుల్లో మొదటిదే ఆగిపోతే మిగతావన్నీ ఆగుతాయి. అదే చిరునామా నమోదు.

'అన్మెల్డుంగ్' అంటే ఏంటి?

ఇంట్లో చేరిన 2 వారాల్లోగా ఆ ఊరి పౌరసేవల కార్యాలయంలో మీ చిరునామా నమోదు చేయించుకోవాలి. దీన్నే అన్మెల్డుంగ్ అంటారు. పాస్‌పోర్టుతో పాటు, మీరు ఫలానా తేదీ నుంచి తన ఇంట్లో ఉంటున్నారని యజమాని సంతకం చేసిన పత్రం కావాలి. అద్దె ఒప్పందం ఒక్కటే చూపితే ఒప్పుకోరు.

చాలామంది ఇరుక్కునేది ఇక్కడే. తెలిసిన అన్న గదిలో సర్దుకుందామనో, తక్కువకే వస్తోందనో చేరతారు. తీరా అడిగితే 'ఇక్కడ నమోదు కుదరదు' అంటారు. నమోదు లేకపోతే పన్ను గుర్తింపు సంఖ్య రాదు, నివాస అనుమతి పని ముందుకు సాగదు. కొన్ని బ్యాంకులు ఖాతా కూడా తెరవవు. అందుకే అద్దె ఎంత అని అడిగే ముందు 'అన్మెల్డుంగ్‌కు పత్రం ఇస్తారా?' అని అడగండి. ఇల్లు చూపించకుండానే అడ్వాన్సు పంపమంటే అది మోసమేనని అనుకోండి. డిపాజిట్ కూడా 3 నెలల మూల అద్దెకు మించకూడదని అక్కడి చట్టం చెబుతోంది.

పెద్ద నగరాల్లో అపాయింట్‌మెంట్ దొరకడం కష్టం. ఇల్లు ఖాయం కాగానే ఇక్కడి నుంచే బుక్ చేసుకోండి. గడువులోపు తేదీ దొరక్కపోతే, ప్రయత్నించినట్లు స్క్రీన్‌షాట్లు దాచుకోవడం మంచిది.

ఇంకో చిన్న సంగతి. అక్కడ ఫ్లాట్లకు సాధారణంగా నంబర్లుండవు. పోస్ట్‌మ్యాన్ డబ్బా మీద పేరు చూసి ఉత్తరం వేస్తారు. మీ పేరు లేకపోతే పన్ను సంఖ్య, బ్యాంకు కార్డు తిరిగి వెళ్లిపోతాయి. చేరిన రోజే కాగితం మీద రాసైనా అతికించండి.

జ్వరం వస్తే..?

ఆరోగ్య బీమా లేనిదే యూనివర్సిటీలో చేర్చుకోరు. 30 ఏళ్లలోపు వారికి ప్రభుత్వ బీమాలో విద్యార్థి రేటు ఉంటుంది. జబ్బు చేస్తే నేరుగా ఆసుపత్రికి పరుగెత్తకుండా ముందు ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి వెళ్లడం అక్కడి పద్ధతి. రాత్రిళ్లు, సెలవుల్లో డాక్టర్ సాయానికి 116117, ప్రాణాపాయమైతే 112. పారాసిటమాల్ కూడా మందుల షాపులోనే దొరుకుతుంది. ఆదివారం అవి వంతులవారీగానే తెరుస్తారు. ఏది తెరిచి ఉందో మూసిన షాపు తలుపు మీద రాసి ఉంటుంది. కిరాణా దుకాణాలూ ఆదివారం మూతే, శనివారమే బియ్యం, పాలు తెచ్చుకోండి.

పార్ట్‌టైమ్ పని

2024 మార్చి నుంచి ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పనిచేయొచ్చు. వేరొకరి పేరుతో ఉన్న డెలివరీ ఖాతా అద్దెకు తీసుకుని మాత్రం పని చేయొద్దు. పట్టుబడితే పోయేది మీ నివాస అనుమతే. ఆ అనుమతికి వీసా గడువు ముగిసేలోపే దరఖాస్తు చేయాలి. కార్డు చేతికి రాకముందే ఇంటికి రావాలనుకుంటే, టికెట్ కొనే ముందు విదేశీయుల కార్యాలయంలో అడగండి.

రేడియో, టీవీ రుసుము నెలకు 18.36 యూరోలు. టీవీ లేదని వదలరు. ఇంటికి ఒకటే కాబట్టి ముగ్గురుంటే పంచుకోవచ్చు. ఆ ఉత్తరాన్ని పక్కన పడేస్తే బకాయి పెరుగుతుంది. చదువు ముగించుకుని దేశం వదిలేటప్పుడు చిరునామా రద్దు చేయించుకోవాలి. బయల్దేరడానికి వారం ముందు నుంచి ఆ పని చేయొచ్చు.