సొర్ణముఖి ఎంబడి

మంటలో ఇంకో రెండు పుల్లలెయ్యిరా అబ్బోడా, చెప్తా. సొర్ణముఖి యాడ పుడతాదనే గదా అడిగితివి? పాకాల పక్క కొండల్లో. వానొస్తే వంక, నిలిస్తే ఇసక, అంతే. ఆ వంకలన్నీ చేరి చంద్రగిరి దిక్కు దిగతాయి. తొండవాడ కాడ భీమా, కల్యాణి వచ్చి కలుస్తాయి. ఆ కూడలిలోనే అగస్తీశ్వరుడి గుడి. 1977లో కల్యాణికి డ్యాము కట్టినారు, తిరుపతికీ కొండకీ తాగేనీళ్ళ కోసం. తప్పని నేననను, అంతమంది జనానికి నీళ్ళు యాణ్ణించి తెస్తారు? కింద ఏరు మాత్రం బక్కచిక్కింది.

మా చిన్నప్పుడూ ఏట్లో నీళ్ళు పైకి కనపడేది తక్కువే. అయినా ఏరు ఎండిపోయిందని ఎవురూ అనలే. ఎండాకాలంలో ఆడోళ్ళు బిందెలెత్తుకోని పోయి ఇసకలో చెలమ తోడేవాళ్ళు. మోచేతి లోతుకే చెమ్మ తగిలేది. మొదట ఊరిన బురదనీళ్ళు టెంకాయ చిప్పతో ఎత్తిపోసి, కొంచేపు కూర్చుంటే తేటనీళ్ళొచ్చేవి. ఇసక లారీలెక్కినాక అడుగున బంకమట్టి తేలింది. దాంట్లో చెలమేం ఊరతాది?

తిరుచానూరు దాటి, గుడిమల్లం పరశురామేశ్వరుణ్ణి పలకరించి, కాళాస్తిరిలో గుడి గోడ పక్కనే ఉత్తరంగా పోతాది. ఆడ కలంకారీ వాళ్ళకు ఏరే సగం పని. కరక్కాయ, బర్రెపాలల్లో తడిపిన గుడ్డమీద కసిం నీళ్ళతో నల్లగీతలు గీస్తారు. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం నానేసిన నీళ్ళవి. రంగేసినాక గుడ్డను పారే నీళ్ళల్లో జాడించాల. నిలవనీళ్ళలో ముంచితే ఊడిన రంగు మళ్ళా గుడ్డకే అంటుకుంటాది.

ఆ కాళాస్తిరి గుడి కట్టేటప్పుడు కూలోళ్ళు సాయంత్రం ఏట్లో మునిగి గుప్పెడు ఇసక తీసుకుంటే, చేసిన పనికి తగ్గట్టు బంగారమయ్యేదంట. పని ఎగ్గొట్టినోడికి ఇసక ఇసకే. ఇప్పుడు తిరగబడింది లే!

ఆణ్ణించి నాయుడుపేట, వాకాడు, ఆపైన సముద్రం. కొండ నించి లెక్కేస్తే 130 కిలోమీటర్లు. కొండరాళ్ళు పోయి వరికయ్యలొస్తాయి, వాకాడు దిక్కు రొయ్యల గుంటలు. 2021 నవంబర్లో ఏరు పొంగి తిరుచానూరు కాడ గట్టుమీది ఇల్లు కూలి నీళ్ళల్లో పడిపోయె. టీవీలో చూస్తివి గదా. అది ఏటి తప్పంటావా? ఏరు దాని దావన అదొచ్చె, మనమే ఆ దావలో ఇల్లు కట్టుకుంటిమి.