కలిపిన నరం, మోసిన నింద

అమ్మమ్మ పోయాక ఆమె ట్రంకుపెట్టెలో, పెళ్లినాటి చీర మడతల్లో రెండు కాగితాలు దొరికాయి. మొదటిది 1976 సెప్టెంబరులో తాతయ్యకు వేసెక్టమీ చేసినట్టు సర్టిఫికెట్. రెండోది 1980 జనవరి నాటి డిశ్చార్జి చీటీ. తెంచిన శుక్రనాళాన్ని మళ్ళీ కలిపామని అందులో రాసి ఉంది. ఆ తర్వాత బతికినన్నాళ్లూ అమ్మమ్మ మోసిన నింద మాత్రం ఏ కాగితంలోనూ లేదు.

తాతయ్య దివిసీమలో ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. ఎమర్జెన్సీ రోజుల్లో కు.ని. ఆపరేషన్లకు ‘కేసులు’ తెమ్మని పైనుంచి ఒత్తిడి. కేసులు దొరక్క తనే ఒక కేసయ్యాడు. 1976-77లో దేశమంతటా 82 లక్షలకు పైగా కు.ని. ఆపరేషన్లు జరిగితే, వాటిలో 62 లక్షలు మగవాళ్లవే. ఆంధ్రప్రదేశ్‌కు పెట్టిన లక్ష్యం 4 లక్షలు, జరిగినవి 7 లక్షలు దాటాయి. ముగ్గురు పిల్లలున్నారు కదా, చాల్లే అనుకుంది అమ్మమ్మ కూడా.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చింది. మగపిల్లలిద్దరూ కొట్టుకుపోయారు. బందరులో మేనత్త ఇంట్లో ఉండబట్టి మా అమ్మ మిగిలింది. ఏడాది తిరక్కముందే ఇంట్లో ‘వంశం’ మాట మొదలైంది. బతికున్న ఆడపిల్ల ఆ మాటలోకి రాదు. రెండేళ్లు డబ్బు కూడబెట్టి, పట్నంలోని ఒక ఆస్పత్రిలో తాతయ్యకు నరం కలిపించారు.

“నరం కలిపారంటే ఇక పంట పండినట్టే అనుకున్నారమ్మా. పండకపోయేసరికి నేలే చెడ్డదన్నారు,” అని అమ్మమ్మ ఒకసారి నాతో అంది. ముగ్గుర్ని కన్న మనిషిని కడుపు ఎండిపోయిందన్నారు. ఆమెకు పసర్లు తాగించారు, గర్భసంచి కడిగించారు, గుళ్ల చుట్టూ తిప్పారు. నా సిద్ధాంత వ్యాసంలో తెలుగు కథల్లోని గొడ్రాలి పాత్రల మీద ఒక అధ్యాయమే ఉంది. అమ్మమ్మ కూడా ఆ అధ్యాయంలోని మనిషేనని రాస్తున్నప్పుడు నాకు తోచలేదు.

అసలు ‘నరం కలపడం’ అంటే ఏమిటి? వేసెక్టమీలో తెంచేది వృషణం నుంచి వీర్యకణాలను మోసుకెళ్లే నాళాన్ని. దాని లోపలి రంధ్రం అర మిల్లీమీటరు లోపే. తెగిన రెండు కొసల్నీ రంధ్రానికి రంధ్రం సరిగ్గా కూర్చి, వెంట్రుక కన్నా సన్నటి దారంతో కుట్టాలి. మైక్రోస్కోపు కింద ఇలా కుట్టే పద్ధతి అమెరికాలోనే 1970ల నడిమికి గానీ రాలేదు. నాళం మూసుకున్న ఏళ్లు పెరిగేకొద్దీ వృషణాన్ని అంటిపెట్టుకుని ఉండే ఎపిడిడిమిస్ అనే సన్నటి గొట్టంలో మరో అడ్డు ఏర్పడవచ్చు. అప్పుడు శుక్రనాళాన్ని నేరుగా దానికే కలపాలి, అది ఇంకా కష్టం. పైగా వేసెక్టమీ తర్వాత చాలామంది మగవాళ్ల ఒంట్లో సొంత వీర్యకణాలను అడ్డుకునే యాంటీబాడీలు పుడతాయి. కాబట్టి నాళం కలవడం వేరు, వీర్యకణాలు తిరిగి రావడం వేరు, గర్భం నిలవడం వేరు.

అమెరికాలో పలువురు సర్జన్లు కలిసి 1991లో ప్రకటించిన పెద్ద అధ్యయనం ఉంది. వేసెక్టమీ అయిన మూడేళ్ల లోపు కలిపితే 97 శాతం మందికి వీర్యకణాలు తిరిగి వచ్చాయి, 76 శాతం జంటలకు గర్భం వచ్చింది. మూడు నుంచి ఎనిమిదేళ్ల మధ్య అయితే అవి 88, 53 శాతం. పదిహేనేళ్లు దాటితే 71, 30. తాతయ్యది రెండో వరుస. మైక్రోస్కోపు కింద చేసిన చోటనే ఆ వరుసలో దాదాపు సగం జంటలకు గర్భం రాలేదు. తాతయ్యకు ఎలా కుట్టారో చీటీలో లేదు. అప్పటికి అమ్మమ్మకు ముప్పై నాలుగేళ్లు. వయసు వల్ల ఆమెలోనూ కారణం ఉండి ఉండవచ్చు. కాదనను. ఆమె సంగతి పదిసార్లు వెతికినవాళ్లు ఆయన సంగతి ఒక్కసారి కూడా ఎందుకు వెతకలేదన్నదే నా ప్రశ్న.

ఈ ప్రశ్న మా ఇంటిది మాత్రమే కాదు. 1977 మార్చిలో ఎమర్జెన్సీ పోయింది. 1977-78లో ఆపరేషన్లు మొత్తం సుమారు 9.5 లక్షలకు పడిపోయాయి. వాటిలో మగవాళ్లవి 2 లక్షల లోపే. మగవాడి ఒంటిమీద జరిగిన బలవంతం ఒక ప్రభుత్వాన్ని కూల్చిన కారణాల్లో ఒకటైంది. అది న్యాయమే. ఆ తర్వాత కార్యక్రమం ఆగలేదు, ఆడవాళ్ల మీదికి మళ్ళింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం స్త్రీల ఆపరేషన్ మీద ఆధారపడ్డ జంటలు 37.9 శాతం, మగవాళ్ల ఆపరేషన్ మీద 0.3 శాతం. 2004 డిసెంబరు సునామీలో పిల్లలు పోయిన తల్లులకు మళ్ళీ కలిపే ఆపరేషన్ ఖర్చు ఇస్తామని తమిళనాడు ప్రభుత్వం ప్రకటించింది. పిల్లలు వద్దన్నప్పుడు పొట్ట కోయించుకున్న తల్లే, కావాలన్నప్పుడూ మళ్ళీ కోయించుకోవాలి. అదే ఆపరేషన్ మగవాడికి పొట్ట తెరవకుండానే అయిపోతుంది.

ఇవాళ ఏ జంటయినా వేసెక్టమీని తిరగదోడాలనుకుంటే ముందే అడగాల్సినవి ఉన్నాయి. ఆపరేషన్ అయి ఎన్నేళ్లయింది? మైక్రోస్కోపు కింద చేసే సర్జన్ ఇలాంటివి ఎన్ని చేశారు? అవసరమైతే ఎపిడిడిమిస్‌కు కలపగలరా? భార్య వయసెంత, ఆమెకు పరీక్షలయ్యాయా? చివరగా, ఆపరేషన్ తర్వాత కొన్ని నెలలపాటు వీర్యపరీక్ష చేయించుకోవడానికి భర్త సిద్ధమేనా?

ఆ చివరి ప్రశ్న మా ఇంట్లో ఎవరూ అడగలేదు. అమ్మమ్మ పెట్టెలో ఉండాల్సిన మూడో కాగితం తాతయ్య వీర్యపరీక్ష రిపోర్టు. పెట్టె అడుగుదాకా వెతికాను. అది లేదు.